అమ్మ నలుగు, అక్క నూనె

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఇప్పటికీ తడబాటే. ఒంటికి రాసుకునే వాటిలో చెట్టూ చేమా నుంచి వచ్చిన సరుకు ఏముంటే, దానివల్ల చర్మానికి చెరుపు ఉందో లేదో చూసి చెప్తాను అంటాను. విన్నవాళ్లు నన్ను కాసేపు జాలిగా చూస్తారు. చెట్టు నుంచి వచ్చినదానికి పరీక్షలేమిటి, చెరుపు ఉంటే గింటే ఫ్యాక్టరీ మందుల్లో ఉంటుంది గానీ, అన్న మాట వాళ్ల మొహం మీదే కనిపిస్తుంది. నాకు చిర్రెత్తుకొస్తుంది. గన్నేరు చెట్టు కాదా? ఉమ్మెత్త చెట్టు కాదా? జీడిపిక్క సొన చేతికి అంటితే తోలు ఊడి వస్తుంది గదా, అది ఏ ఫ్యాక్టరీలో తయారైంది? ఇలా మొదలుపెడితే నేను ఒక పట్టాన ఆగనని పెళ్లిళ్లలో మావాళ్లు నన్ను కొత్తవాళ్ల పక్కన కూర్చోనివ్వరు.

మా ల్యాబు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు వైపు, ఒక టైల్స్ దుకాణం పైన ఉంది. మెట్లెక్కి వచ్చేసరికి అందరికీ ఆయాసం వస్తుంది. ఆ ఆయాసంతోనే సంచిలోంచి సీసా తీసి నా బల్ల మీద పెడతారు. ఇంట్లో సబ్బులు పోసేవాళ్లు, తలనూనెలు కాచేవాళ్లు, చందనమని చెప్పి ఏదో పసుపు రంగు పొడి తెచ్చేవాళ్లు, అందరికీ కావలసింది ఒక్కటే. ఇది వాడితే ప్రమాదం లేదని రాసి కింద నేను సంతకం పెట్టాలి. నేనేమో మూత తీయకముందే ప్రశ్నలు మొదలుపెడతాను. ఇది ఏ చెట్టు? ఊళ్లో పిలిచే పేరు చాలదు, ఒకే పేరుతో నాలుగు ఊళ్లలో నాలుగు మొక్కలుంటాయి. ఆకు వేశారా, వేరు వేశారా, గింజ వేశారా? నీళ్లలో మరగబెట్టారా, నూనెలో నానబెట్టారా? ఎంత వేశారు? ఇక్కడి దాకా ఓపిగ్గానే చెప్తారు. రాసుకుని కడిగేస్తారా, ఒంటిమీద అలాగే ఉంచుకుంటారా, ఉంచుకుని నీడలో ఉంటారా, ఎండలోకి పోతారా అని అడిగేసరికి విసుక్కుంటారు. "మేడమ్, మనుషులన్నాక ఎండలోకి పోకుండా ఉంటారా?" అని ఒకాయన నా మీద గట్టిగానే అరిచాడు. అదే నాయనా నా భయం, అన్నాను.

ఈ ఎండ సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు గూడూరులో అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నిమ్మ తొక్క నుంచి నూనె తీసే చోటు చూసి రమ్మని పంపారు. అక్కడ దొడ్లో, పైన నీడ కూడా లేకుండా, ఆడవాళ్లు బారుగా కూర్చుని ఊరగాయకు నిమ్మకాయలు కోస్తున్నారు. వాళ్ల మణికట్ల మీదా ముంజేతుల మీదా గోధుమరంగు మచ్చలున్నాయి. రసం చిందిన చోటల్లా మచ్చే. ఇదేమిటమ్మా అని అడిగితే, నిమ్మకాయ మరకలు, ఎండలో కోస్తే ఇంతే, అన్నారు. నిమ్మ తొక్కలో ఒక పదార్థం ఉంటుంది. నీడలో అది ఊరకే పడి ఉంటుంది. చర్మం మీద అది ఉండగా ఎండ పడిందంటే మాత్రం లోపల్నుంచి కాలుస్తుంది. అదీ అప్పటికప్పుడు కాదు. ఒకటి రెండు రోజులు గడిచాక మంట, ఆ తర్వాత బొబ్బలు, అవి మానాక నెలల తరబడి పోని నల్లమచ్చ. ఎండలో నిలబడిన పూట ఏమీ కాదు గనక ఎవరూ దాన్ని అనుమానించరు.

ఆ జాతి పదార్థమే బావంచాలలో ఇంకా దండిగా ఉంటుంది. బావంచాలంటే నలుగు పిండిలో వేసే చిన్న నల్ల గింజలు. పచారీ కొట్లో కచ్చూరాలనే వాసన దుంపలు అడిగితే పక్కనే ఇవి కూడా పొట్లం కడతారు. బొల్లి మచ్చలకు బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టే వైద్యం ఉంది. ఆ వైద్యం పనిచేసేది ఈ గుణం వల్లనే, అది వికటించి ఒళ్లు కాలిపోయేదీ ఈ గుణం వల్లనే.

మా అమ్మ నలుగు పిండిలో బావంచాలు తప్పకుండా ఉండేవి. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, వట్టివేళ్లు, ఎండబెట్టిన నిమ్మ తొక్కలు, బావంచాలు. అన్నీ మిద్దె మీద ఎండబోసి, దంచి, జల్లించి, మూత బిగువుగా ఉండే డబ్బాలో పోసేది. ఆ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన నాకు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదు. కొంచెం చేదుగా, కొంచెం మట్టిగా, ఆఖర్న నిమ్మ. నేను ఇన్నేళ్లుగా రకరకాల అత్తర్లూ నూనెలూ వాసన చూసి బతుకుతున్న మనిషిని, అయినా ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఆ నలుగుతో పాటు మాకో శిక్ష కూడా ఉండేది. ఉగాది రోజు తెల్లవారకముందే అమ్మ మా ఇద్దరికీ, అంటే అక్కకూ నాకూ, నలుగు పెట్టి తలంటిపోసేది. తోలు ఊడి వస్తుందేమో అన్నంతగా రుద్ది, ఇక చాలమ్మా అని ఏడ్చేదాకా చెంబుల మీద చెంబులు కుమ్మరించేది. కొత్త బట్టలు తొడిగేది. ఆ తర్వాత తలుపు గొళ్లెం పెట్టేది. పొద్దు వాలేదాకా గడప దాటకూడదు. నలుగు పెట్టిన పిల్లలు ఎండలో తిరిగితే దిష్టి తగులుతుందట. వీధిలో పిల్లలందరూ కొత్త బట్టలు చూపించుకుంటూ తిరుగుతుంటే మేమిద్దరం కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్లం. ఒక ఉగాదికి అక్క తెగించి వెనక దారిన బయటపడింది. అమ్మ వెంటపడి, రెక్క పట్టి లాక్కొచ్చి, కొత్త పావడా మీదనే మళ్లీ నీళ్లు కుమ్మరించింది. ఆ రోజంతా అక్క అన్నం తినలేదు. పెద్దయ్యాక కూడా ఉగాది అంటే అక్క ముందు ఆ మాటే ఎత్తేది, అమ్మ చాదస్తం అని.

అమ్మ పోయాక నలుగు డబ్బా అక్కకు వచ్చింది. అక్కది పూతలపట్టు. చిత్తూరుకూ తిరుపతికీ మధ్య బస్సులు మారే ఊరు గనక ఎప్పుడూ ఎవరో ఒకరు వాళ్లింటికి వచ్చి పోతుంటారు. వచ్చినవాళ్లకు అక్క అలవాటుగా నలుగు పిండి కాస్త పొట్లం కట్టి ఇచ్చేది. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి అడిగారు. తర్వాత డబ్బులిస్తామన్నారు. బావ మామిడి చెట్లు చూసుకుంటాడు, పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. అక్కకు యాభై దాటాక, జీవితంలో మొదటిసారిగా, ఇది నాది అని చెప్పుకోదగ్గ పని ఒకటి దొరికింది. ఫోన్లో ఆమె గొంతే మారిపోయింది. అంతకు ముందు ఎప్పుడు చేసినా మోకాళ్ల నొప్పులు చెప్పే మనిషి, ఇప్పుడు ఈ తడవ కచ్చూరాలు పుచ్చినవి ఇచ్చినారని అంగడివాణ్ణి తిట్టేది. నాకు ఎంత సంతోషంగా ఉండేదో.

నిరుడు మామిడి సీజన్ మొదలవుతుండగా అక్క చెప్పాపెట్టకుండా మా ల్యాబుకు వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతోనే టవల్‌లో చుట్టిన సీసా ఒకటి తీసి, అందరిలాగే, నా బల్ల మీద పెట్టింది.

"ఏమనుకున్నావు పాపా, మీ అక్క ఊరకే కూచుందనుకున్నావా? సూడు."

నేను యాభైకి దగ్గరపడుతున్నా అక్కకు పాపనే. మూత తీశాను. అమ్మ వాసన గది నిండా వచ్చేసింది. నలుగు దినుసులన్నీ కచ్చాపచ్చాగా దంచి, నువ్వుల నూనెలో వేసి, మిద్దె మీద వారాల తరబడి నానబెట్టి వడగట్టిందట. నిమ్మ తొక్కలు గూడూరు నుంచి బస్తా తెప్పించిందట. బావంచాలు రెండింతలు వేసిందట, మొహం నిగారింపు వాటితోనే వస్తుందని.

అమ్మ వాసన కోసం సీసా ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బావంచాలు రెండింతలన్న మాట గుర్తొచ్చి మూత బిగించాను.

"బాగుండాది గదా?" అంది.

"బాగుండాది అక్కా. రాసుకున్నాక కడుక్కోవాల్నా?"

"నూనె రాసుకునేది కడుక్కునేదానికా? రాసుకోని పనికి పోవడమే."

"ఎవురు రాసుకునేది?"

అప్పుడు చెప్పింది. ఊరి దగ్గరి మామిడి మండీలో కాయలు ఏరే ఆడవాళ్లు ఆమెకు బాగా తెలుసు. సీజన్ అంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి తోతాపురి కాయలు వేరుచేస్తారు. మొహాలు కమిలిపోతున్నాయి అక్కా, ఏదన్నా చేసి పెట్టు అని వాళ్లే అడిగారట. వాళ్ల కోసం చౌకగా ఇద్దామని చిన్న సీసాలు కూడా తెచ్చి పెట్టింది. తిరుపతిలో ఒక దుకాణం ఆయన కూడా అమ్మిపెడతానన్నాడు, కాకపోతే ప్రమాదం లేదన్న కాగితం తెమ్మన్నాడు.

"కాగితానికేం, మా చెల్లెలే సంతకం పెడతాదని సెప్పినా," అంది అక్క. ఆ చెప్పడంలో ఎంత గర్వముందో నాకు వినబడింది.

అంటే ఆ నూనె ముందుగా పోయేది రోజంతా ఎండలో ఉండేవాళ్ల మొహాల మీదికి. గూడూరులో చూసిన ముంజేతులు గుర్తొచ్చాయి. అక్కడ మచ్చలు చేతుల మీద ఉన్నాయి, ఇక్కడ మొహాల మీద వస్తాయి.

"ఎవురికైనా ఇచ్చినావా ఇంకా?"

"నువ్వు సంతకం పెట్టకుండా ఎట్లిస్తా? నేను మాత్రం నెల నుంచి రాసుకుంటా ఉండా. సూడు నా మొగం."

నిజమే, నిగనిగలాడుతోంది. ఎప్పుడు రాసుకుంటావు అని అడిగాను. పడుకునే ముందర, అంది. పొద్దున్నే? పొద్దున్నే సబ్బుతో మొహం కడుక్కోకుండా టీ తాగుతానా, అంది. ఆమె చేసిన పరీక్షలో లోపమేమీ లేదు, ఒక్క ఎండ తప్ప.

కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని నాకు తెలిసిన విధంగా వివరించాను. బావంచాలలో ఏముందో, నిమ్మ తొక్కలో ఏముందో, నూనెలో నానితే అవి ఎలా దిగుతాయో చెప్పాను. "బొల్లికి బావంచాలు రాసి ఎండలో కూర్చోబెడతారు గదక్కా, ఎందుకనుకున్నావు?" అన్నాను.

"అది మందు. ఇది నలుగు."

"గింజ ఒకటే గదా."

అక్క నెమ్మదిగా అడిగింది. "అయితే అమ్మ మనకు పూసింది విషమా?"

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు. "అమ్మ మనకు కాటుక కూడా పెట్టింది, దాంట్లో ఏముండిందో ఎవరు చూశారు?" అన్నాను. అక్క లేచింది. ఒక చిన్న సీసాలోకి నూనె కొంచెం ఒంపి నా బల్ల మీద పెట్టి, మిగతాది టవల్‌లో చుట్టుకుంది.

"నీ యంత్రాల్లో పోసుకోని సూడు. నీకు అమ్మ మీద నమ్మకం లేదు గానీ, నాకుండాది."

టీ తెప్పిస్తానన్నా వినలేదు. అన్నం తిందువు రా అన్నా వినలేదు. మా అక్క నా దగ్గరికి వచ్చి నోట్లో మెతుకు పెట్టుకోకుండా వెళ్లిపోవడం అదే మొదటిసారి. ఆ పూట నేను కూడా తినలేకపోయాను.

యంత్రంలో పోసి చూశాను. ఆ కాల్చే పదార్థం నేను భయపడినదానికంటే ఎక్కువే ఉంది. ఫోన్ చేసి చెప్పాను. "యంత్రానికి మొగముందా పాపా? మొగం లేనిదానికి మొగాల సంగతి యాడ తెలస్తాది?" అంది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. సరే అక్కా, నువ్వు ఏమన్నా అను, నేను మాత్రం సంతకం పెట్టను, అన్నాను. "అయితే నేనే నిలబడతా ఎండలో," అని పెట్టేసింది. వద్దని చెప్పడానికి మళ్లీ మళ్లీ చేశాను. ఎత్తలేదు.

మరుసటి రోజు సాయంత్రం తనే చేసింది. గొంతు ఉషారుగా ఉంది. పొద్దున్నే ఎడమచేతికి మణికట్టు నుంచి భుజం దాకా దట్టంగా నూనె పట్టించి, మిద్దె మీద మామిడి తాండ్ర పోస్తూ పొద్దంతా ఎండలోనే గడిపిందట.

"ఏమీ కాలే. సల్లగా ఉండాది సేయి. ఇప్పుడేమంటావు?"

ఇప్పుడే కాదక్కా, రెండు రోజులు పోనీ, అన్నాను. "నీకు నేను గెలిస్తే కడుపుమంట," అంది. అది వేళాకోళమే గానీ, ఫోన్ పెట్టాక నేను దాని గురించి చాలా ఆలోచించాను. నా లెక్క తప్పైతే బాగుండునని నిజంగానే మొక్కుకున్నాను. ఇన్నేళ్ల నా చదువు తప్పని ఆ చేయి తేలిస్తే ఎంత బాగుండును అనుకున్నాను. లోపల ఎక్కడో ఇంకో మనిషి మాత్రం, నేను చెప్పిందే జరుగుతుంది చూడు, అంటోంది. ఆ మనిషి నాకు నచ్చలేదు. కానీ మండీ ఆడవాళ్ల మొహాలు కాపాడాలంటే గెలవాల్సింది ఆ మనిషే.

ఆ మర్నాడు అక్క చేయి కాస్త ఎర్రబడిందని చెప్పింది, ఎండకు గదా అంది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. నేను చేస్తే బావ ఎత్తాడు. బావ తక్కువ మాటల మనిషి. "మీ అక్క సేయి బాగలేదుమ్మా. సిత్తూరు ఆసుపత్రికి పోయొచ్చినాము. నువ్వొచ్చి సూసిపోతే బాగుండు," అన్నాడు.

దొరికిన బస్సెక్కి పూతలపట్టులో దిగాను. అక్క నడిమింట్లో, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, చేయి దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ముంజేయి మీద బొబ్బలు లేచి నీరు పట్టి ఉన్నాయి. మోచేతి చుట్టూ తోలు రాగిరంగుకు తిరిగింది. నా పని పుస్తకాల్లో ఇలాంటి ఫొటోలు ఎన్నో చూశాను. అవేవీ మా అక్క చేతులు కావు. గుమ్మంలోనే నాకు ఏడుపొచ్చింది.

"ఏడవొద్దు. ఇట్రా, ఇది సూడు," అని అక్క కుడిచేత్తో రవిక చేయి పైకి మడిచింది. రవిక అంచు ఉన్న చోట గీత గీసినట్టుంది. గీత కింద అంతా కాలింది. గీత పైన, భుజం దాకా, చర్మం ఎప్పటిలాగే ఉంది.

"ఈడ కూడా రాసినా. అదే నూనె, అదే పొద్దు. గుడ్డ కింద ఉండేది బాగుండాది. ఎండ తగిలింది కాలింది." ఆమె గొంతులో నాకు తెలిసిన పట్టుదల లేదు. "నువ్వు సెప్పిందే నిజం పాపా."

గెలిచినందుకు అంత బాధపడటం నాకు అదే మొదలు. పక్కన కూర్చున్నాను. ఆసుపత్రిలో ఇచ్చిన మందు పూస్తుంటే అక్క పళ్లు బిగించి ఓర్చుకుంది. కాసేపటికి తనే అంది.

"నిన్ను నమ్మక కాదే. నువ్వు సెప్పిందే నిజమైతే అమ్మ సేసింది తప్పవుతాది గదా. అమ్మను తప్పుపట్టేదానికి నాకు నోరు రాలేదు. అందుకని ఎండలో నిలబడినా."

అక్క దుప్పటి కట్టిన కిటికీ వైపు చూస్తూ ఉంది. అలా చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"పాపా, ఉగాది నాడు నేను ఎనక దారిన పారిపోయినా, గుర్తుండాదా? అమ్మ లాక్కొచ్చి మళ్లా నీళ్లు పోసింది."

"పావడా మీదనే."

"పోసింది గదా. కొట్టలేదు సూడు. నీళ్లు పోసింది. మళ్లా లోపల కూర్చోబెట్టింది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ నడిమింట్లో, కిటికీలు మూసుకుని, అక్క ఇప్పుడు అచ్చంగా అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టినట్టే కూర్చుని ఉంది. బాగా కడగడం, ఎండలోకి పంపకపోవడం. ఇన్నేళ్లుగా నేను బల్ల ముందు కూర్చుని అందరినీ అడుగుతున్న చివరి రెండు ప్రశ్నలు అవే.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. మన పెద్దవాళ్లకు అన్నీ తెలుసు, సైన్సంతా వాళ్ల పోపుల డబ్బాలోనే ఉంది అని ఫోన్లలో తిరిగే రాతలంటే నాకు ఒళ్లు మంట. అమ్మకు తెలిసే ఆ పని చేసిందని నేను అనను. దిష్టి అని చెప్పింది, దిష్టనే నమ్మి ఉండొచ్చు. వాళ్లమ్మ ఎప్పుడో ఎండకు ఒళ్లు కాలిన పిల్లను చూసి భయపడి ఉండొచ్చు. తెలియనిది తెలిసినట్టు నేను రాయను, ల్యాబులోనూ రాయను, ఇక్కడా రాయను. తెలిసింది ఒక్కటే. అమ్మ పిండిలో దినుసులు ఎంత ముఖ్యమో ఆ గొళ్లెం కూడా అంతే ముఖ్యం. అక్క దినుసులన్నీ తు.చ. తప్పకుండా గుర్తుపెట్టుకుంది. గొళ్లెం చాదస్తమని వదిలేసింది. పిండి కాస్తా నూనెగా మారేసరికి కడగడం కూడా పోయింది.

"అయితే అమ్మ పూసింది విషం కాదు గదా?" అక్క మళ్లీ అడిగింది. అదే ప్రశ్న, ఈసారి వేరే గొంతుతో.

"కాదక్కా. అమ్మ పూసి, కడిగి, నీడలో పెట్టింది. నువ్వు పూసి ఎండలో పెట్టినావు."

అక్క చాలాసేపు ఏడ్చింది. చేయి నొప్పికి ఏడవని మనిషి, దీనికి ఏడ్చింది.

నూనె విషయం ఆ రోజే తేలిపోయింది. నలుగు పిండి విషయంలో మాత్రం అక్క నన్ను నెలల తరబడి సతాయించింది. అది కడిగేదే గదా, కాస్తే గదా, అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. కడిగేసే పిండిలో ప్రమాదం తక్కువే. కానీ ఇప్పుడు నలుగు పిండిని పెరుగులో కలిపి మొహానికి పట్టించుకుని, సరిగా కడగకుండానే బండెక్కి పోయేవాళ్లున్నారు. ప్యాకెట్టుతో పాటు అమ్మను కూడా పంపలేం కదక్కా, గొళ్లెం పెట్టడానికి, అన్నాను. ఆ మాటకు తగ్గింది. బావంచాలు తీసేసింది, నిమ్మ తొక్కలు తీసేసింది. కొత్త పిండి నేను అన్ని విధాలా పరీక్షించి, ప్రమాదం లేదని రాసి, సంతకం పెట్టాను. పెట్టాక ప్యాకెట్టు విప్పి వాసన చూశాను. మంచి పిండే, శుభ్రమైన పిండే. అమ్మ మాత్రం అందులో లేదు. మా అమ్మ వాసన మీద కొట్టివేత గీత గీసింది నేనేనని ఆ పూట నాకు చాలా కష్టంగా అనిపించింది. గీయకుండా ఉండగలనా అంటే ఉండలేను.

మండీ ఆడవాళ్లు నూనె ఏమైందక్కా అని అడిగినప్పుడల్లా అక్క రవిక చేయి పైకి మడిచి చూపిస్తుంది. బొబ్బలు మాని ముంజేయంతా నల్లమచ్చ పడింది, పైన ఆ గీత అలాగే ఉంది. "ఇది మీ మొగాన ఉండాల్సింది," అంటుంది. ఆ తర్వాత తలకు మొహానికి గుడ్డ బాగా చుట్టుకోండి అని చెప్తుంది. నా సంతకానికంటే ఆ చేతికే వాళ్ల దగ్గర విలువ ఎక్కువ. నాకు దాని గురించి ఏ ఫిర్యాదూ లేదు.

బానలో మిగిలిన నూనె పారబోయడానికి అక్కకు చేతులు రాలేదు. దీపానికి పెట్టింది. ఎన్నో నెలలు వాళ్లింట్లో సాయంత్రం దీపం వెలిగిస్తే ఆ వాసన సన్నగా వచ్చేదట. బావ కూడా ఆ వేళకు ఏదో పని కల్పించుకుని ఇంట్లోకి వచ్చేవాడట.

ఈ ఉగాదికి నన్ను రమ్మని అక్క పట్టుబట్టింది. ముందురోజే వెళ్లాను. తెల్లవారక ముందే లేపింది. స్నానాలగది ముందు పీట వేసి, పక్కన గిన్నెలో పిండి కలిపి పెట్టుకుంది. గిన్నె దగ్గరికి వంగగానే తెలిసిపోయింది. పాత పిండి. మనిద్దరికీ మాత్రమే, పిడికెడు దంచినాను, అంది. వద్దని చెప్పాల్సిన మనిషిని నేనే. పీట మీద కూర్చున్నాను. అక్క నా వీపు మీద, చేతుల మీద, తోలు ఊడేటట్టు రుద్దింది. నల్లమచ్చ ఇంకా పూర్తిగా పోని ఆ చేత్తోనే చెంబుల మీద చెంబులు కుమ్మరించింది. ఇక చాలక్కా అన్నా ఆపలేదు. ఆ నీళ్లలో నేను ఎంతసేపు ఏడ్చానో ఆమెకు తెలియదనే అనుకుంటున్నాను.

పచ్చడి తిని, కొత్త చీర కట్టుకుని, వీధిలో ఎవరో పిలిచినట్టనిపించి, చూద్దామని నడవలోకి వచ్చాను. బయట ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. గడప మీద కాలు పెట్టబోతుంటే వంటింట్లోంచి అక్క కేక వినబడింది.

"ఏయ్! పొద్దు వాలేదాకా గడప దాటినావంటే కాళ్లిరగ్గొడతా!"

అచ్చం అమ్మ గొంతు. నేను వెనక్కి వచ్చి, తలుపు వేసి, గొళ్లెం పెట్టాను.